ఒళ్ళు చేసిందెవరు?

తెలుగులో లావెక్కడాన్ని ‘ఒళ్ళు చేయడం’ అంటాం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, కాలేజీ స్టాఫ్‌రూముల్లో ఆడవాళ్ళు ఎదురుపడితే చాలా సార్లు మొదటి పలకరింపు అదే, ‘కాస్త ఒళ్ళు చేసినట్టున్నావే’ అని. వ్యవసాయం చేయడం, వంట చేయడం లాగా అది కూడా మనం పూనుకుని చేసిన పనే అన్నట్టు ఉంటుంది ఆ మాట. ‘నీరు పట్టింది’ అనే మాట వేరు. నీరు పడితే జబ్బు. ఒళ్ళు చేస్తే తప్పు. జబ్బుకి సానుభూతి దొరుకుతుంది, తప్పుకి దొరకదు. ఈ రెండు మాటల మధ్య మా అమ్మ పన్నెండేళ్ళు నలిగింది. ఆ తర్వాత నేనూ నలిగాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి, రోజూ పొద్దున్నే మింగే ఈ చిన్న మాత్రకి చరిత్ర ఏమిటని వెతకడం మొదలుపెట్టాను. వెతికిన కొద్దీ అందులో మా అమ్మ లాంటి వాళ్ళే కనిపించారు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మ నలభై దాటే వరకూ బక్కపల్చటి మనిషి. పాలు పితకడం దగ్గర్నించి రాత్రి చివరి గిన్నె బోర్లించేదాకా కాలు నిలిచేది కాదు. 1977 దివిసీమ ఉప్పెన ఏడాదే ఆమెలో మార్పు మొదలయిందని మా ఇంట్లో లెక్క. మొహం ఉబ్బింది. గొంతు మందమై మగగొంతులా వినిపించేది. వైశాఖ మాసంలో కూడా దుప్పటి కప్పుకునేది. చర్మం పొట్టు రాలేది. కూర్చున్నచోటే కునికేది. ఇంట్లో అందరూ ‘మొద్దయిపోయింది’ అన్నారు. ‘తిన్నది బాగా ఒంటికి పడుతోంది’ అన్నారు. నిజానికి ఆమె తినేది సగానికి సగం తగ్గిపోయింది. ఆ సంగతి వడ్డించుకునే ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే ఆమె అందరికంటే చివర్న, ఒక్కతే తినేది.

మా నాయనమ్మ అన్యాయం చేసే మనిషి కాదు. ఒకరోజు అమ్మని మంచమ్మీద కూర్చోబెట్టి, కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది. తీసాక ఇంకోసారి నొక్కింది. ‘నీరైతే గుంట పడాలి గదే. పడలా. ఇది నీరు కాదమ్మా, ఒళ్ళే’ అని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకి ఇంట్లో తిరుగు లేదు. ఆ రోజు నించీ అమ్మ బద్ధకస్తురాలు.

1989లో నేను ఆమెని గుంటూరులో ఒక డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ అమ్మ గొంతు విని ఆగింది. మడమ వెనక చిన్న సుత్తితో కొట్టి, పాదం ఎంత నెమ్మదిగా వెనక్కి వస్తోందో నాకు చూపించింది. మా నాయనమ్మ నొక్కినట్టే కాలి మీద నొక్కింది. గుంట పడలేదు. ‘ఇది నీరేనమ్మా. మామూలు నీరు కాదు, జిగట నీరు. అందుకే గుంట పడదు’ అంది. రక్తపరీక్ష ఆవిడ మాటనే రుజువు చేసింది. థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టిన ఆరు నెలల్లో అమ్మ 74 కిలోల నించి 67కి వచ్చింది. మొదటి వారాల్లో ఊరికే ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తోందని విసుక్కునేది. ఒంట్లోంచి ఏం పోతోందో అప్పుడు నాకు అర్థమైంది.

ఆ ‘జిగట నీరు’ అన్న మాట డాక్టరమ్మ సొంతంగా కల్పించింది కాదని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు ఐదుగురు స్త్రీల గురించి ఒక వ్యాసం చదివాడు. వాళ్ళలో ఒకామె ముట్లుడిగాక క్రమంగా నీరసించి, మందగించి, ఒళ్ళు పెరిగిపోయిన మనిషి. అంటే ఈ జబ్బు మీద మొట్టమొదటి వైద్య వర్ణనల్లోనే బరువు ఉంది. 1878లో విలియం ఆర్డ్ ఇలాంటి రోగి మరణించాక శవపరీక్ష చేసి, చర్మం కింద జిగురు లాంటి పదార్థం పేరుకుని ఉండటం చూశాడు. దానికి ‘మిక్సిడీమా’ అని పేరు పెట్టాడు. జిగట వాపు అనే ఆ పేరుకి అర్థం. నొక్కితే గుంట పడదన్నది దాని ప్రధాన లక్షణం.

దాదాపు అదే రోజుల్లో స్విట్జర్లాండ్‌లో థియోడర్ కోకర్ అనే గొప్ప సర్జన్ గొంతు కణితులు కోసి తీసేస్తున్నాడు. 1874లో పదకొండేళ్ళ పిల్లకి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశాడు. కొన్నేళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్ల ఎదుగుదల ఆగిపోయింది. చెల్లెలు అక్కని మించి పెరిగింది. మొహం ఉబ్బింది, బుద్ధి మందగించింది. 1883లో కోకర్ తన పాత రోగుల్ని పిలిపించి చూసి, గ్రంథి మొత్తం తీయడం తప్పని బహిరంగంగా ఒప్పుకున్నాడు. థైరాయిడ్ మీద చేసిన పనికి 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పిల్ల పేరు వైద్యవిద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

1888లో లండన్ క్లినికల్ సొసైటీ నియమించిన కమిటీ 109 మంది రోగుల వివరాలు పోగుచేసింది. వాళ్ళలో అత్యధికులు స్త్రీలు. గొంతులోని ఆ గ్రంథి పని చేయకపోవడమే వీళ్ళందరి జబ్బుకీ కారణమని తేల్చింది. 1912లో జపాన్‌లో హకారు హషిమోటో, గ్రంథిని శరీరం తనే దెబ్బతీసుకునే జబ్బుని వర్ణించినప్పుడు ఆయన ముందున్న నలుగురు రోగులూ స్త్రీలే. ఇవాళ మనలో ఎక్కువమందికి మాత్రలు మింగాల్సి రావడానికి కారణం ఆ హషిమోటో జబ్బే. వైద్యశాస్త్రం ఈ జబ్బుని స్త్రీల శరీరాల మీదే నేర్చుకుంది. పేర్లు మాత్రం మగవాళ్ళవి మిగిలాయి.

కారణం తెలిశాక మందు త్వరగానే వచ్చింది. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ నించి తీసిన రసాన్ని 46 ఏళ్ళ స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. రికార్డుల్లో ఆమె ‘మిసెస్ ఎస్’. ఉబ్బు దిగింది, మాట తేలికైంది, చెమట పట్టింది, జుట్టు మొలిచింది. ఆమె మరో 28 ఏళ్ళు బతికి 1919లో 74వ ఏట చనిపోయింది. అన్నేళ్ళలో ఆమెకి మందు తయారుచేయడానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయని ముర్రే లెక్క రాశాడు. 1892 నాటికి సూది కూడా అక్కర్లేదని తేలింది. గ్రంథిని కాస్త వేయించి తిన్నా పని చేసింది.

ఇక్కడివరకూ ఇది మంచి కథ. మలుపు ఆ వెంటనే ఉంది. మిక్సిడీమా రోగులు ఈ మందుతో బరువు తగ్గుతున్నారని చూసిన డాక్టర్లు, జబ్బు లేని లావుపాటి వాళ్ళకి ఇస్తే ఏమవుతుందని ఆలోచించారు. 1894 నాటికే స్థూలకాయానికి థైరాయిడ్ బిళ్ళలు వాడటం గురించి వైద్యపత్రికల్లో రాతలు కనిపిస్తాయి. మందు కనిపెట్టి మూడేళ్ళు కూడా కాలేదు. ప్రాణం నిలిపే మందు అంత త్వరగా నడుము సన్నబరిచే మందయింది. అమెరికాలో ‘మార్మొలా’ అనే పేరుతో ఎండబెట్టిన థైరాయిడ్ కలిపిన బిళ్ళలు దశాబ్దాల పాటు పేపర్లలో ప్రకటనలిచ్చి అమ్ముకున్నారు. ప్రకటనలన్నీ స్త్రీల వైపు చూసేవే. దీన్ని ఆపాలని ప్రభుత్వ వాణిజ్య సంస్థ కోర్టుకెక్కితే 1931లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. పోటీదార్లకి నష్టం జరిగిందని సంస్థ రుజువు చేయలేదట. ఆ మందు మింగిన మనుషులకి జరిగే నష్టం అప్పటి చట్టం లెక్కలో లేదు. 1938లో చట్టం మార్చాల్సి వచ్చింది. 1942లో గానీ కోర్టు తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా రాలేదు.

ఈ కథ చదువుతున్నప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గు కూడా వేసింది. ఎందుకో చెప్పాలి.

నాకు 2003లో, నలభై ఒకటో ఏట, హైపోథైరాయిడ్ అని తేలింది. అమ్మకి తగ్గినట్టే నాకూ ఏడు కిలోలు తగ్గుతాయని లోపల లోపల సంబరపడ్డాను. 50 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. నీరసం పోయింది, జుట్టు రాలడం తగ్గింది. బరువు మాత్రం కిలోన్నర తగ్గి అక్కడే ఆగింది. మోసపోయినట్టనిపించింది. నిజానికి అమ్మ జబ్బు పన్నెండేళ్ళు ముదిరింది. నాది మొదట్లోనే దొరికింది. ఆమె ఒంట్లోంచి పోవడానికి అంత నీరుంది. నాలో లేదు. 2011లో డెన్మార్క్ పరిశోధకులు కొద్దిమంది రోగుల్ని ఏడాది పాటు కొలిచి ఇదే సంగతి చెప్పారు. చికిత్సతో సగటున నాలుగు కిలోల పైన తగ్గింది, కానీ తగ్గింది దాదాపు అంతా పేరుకున్న నీరు. కొవ్వు పెద్దగా కదల్లేదు. ఈ జబ్బు వల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నించి ఐదు కిలోలే ఉంటుందని ఇప్పుడు నిపుణులు చెప్తున్నారు. 2003లో నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఒక డాక్టరు మోతాదు పెంచాడు. మూడు నెలలకి ఇంకా పెంచాడు. రక్తపరీక్ష మళ్ళీ ఎప్పుడు చేయించుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పుడు మొదలైంది నేను తగ్గడం. ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు. జాకెట్లన్నీ కుట్లు వేయించుకున్నాను. స్టాఫ్‌రూములో పండగ. ‘ఏం చేస్తున్నారు మేడమ్, మాకూ చెప్పండి’ అని అడగని వాళ్ళు లేరు. మా ఆడపడుచు, పదిహేనేళ్ళలో నన్ను ఒక్కసారి మెచ్చుకోని మనిషి, ‘వదినా, పెళ్ళినాటి రూపం వచ్చింది’ అంది. స్త్రీల శరీరాల మీద సమాజం చేసే పెత్తనం గురించి అదే ఏడాది నేనొక సదస్సులో పత్రం చదివాను. సన్నబడిన ఒంటికి పొందికగా కట్టుకున్న గద్వాల చీరలో చదివాను.

రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణికేది. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకున్నట్టుండేది. ఇవన్నీ మోతాదు ఎక్కువైన గుర్తులేమోనని నాకు అనుమానం వచ్చింది. వచ్చినా పరీక్ష చేయించుకోలేదు. చేయించుకుంటే మోతాదు తగ్గిస్తారు. తగ్గిస్తే ఒళ్ళు తిరిగొస్తుంది. అమ్మ గట్టిగా ఉన్న రోజుల్లో ఈ సంగతి ఆమెకీ చెప్పలేదు. 2005లో ఒకరోజు క్లాసులో గుండె లయ తప్పి కళ్ళు తిరిగి పడిపోయాక గానీ ఆ ముచ్చట తీరలేదు. టీఎస్‌హెచ్ పరీక్షలో ఆ హార్మోను కొలతకి అందనంత తక్కువగా ఉంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని పని చేయమని పంపే హార్మోను అది. ఒంట్లో థైరాక్సిన్ చాలకపోతే పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. నేను మింగుతున్న మాత్ర నా కండని, ఎముకని కూడా కరిగిస్తోందని అప్పుడు తెలిసింది. అందరూ మెచ్చుకున్న ఆ నాజూకులో చాలా భాగం అదే.

మోతాదు తగ్గించారు. పది కిలోలు పెరిగాను. పెరిగిన ఆకలి వెంటనే తగ్గదు, కరిగిన కండ మళ్ళీ పట్టాలి. ఇదంతా ఎవరికి చెప్పుకోను? ‘మాత్ర వల్ల లావు కారమ్మా, తిండి తగ్గించండి’ అన్నాడు కొత్త డాక్టరు, నేను ఏం తింటున్నానో అడక్కుండానే. నాకు మా నాయనమ్మ బొటనవేలు గుర్తొచ్చింది.

నేను ఒంటరిదాన్ని కాదని చరిత్ర చెప్పింది. 1950లు, 60లలో అమెరికాలో రంగురంగుల ‘రెయిన్‌బో’ బిళ్ళలు పంచే క్లినిక్కులు పుట్టగొడుగుల్లా వెలిశాయి. ఆకలి చంపే యాంఫెటమిన్, ఒళ్ళు కరిగించే థైరాయిడ్, నీరు తీసే మందు, గుండె మందు డిజిటాలిస్, అన్నీ కలిపి ఇచ్చేవాళ్ళు. 1968లో ‘లైఫ్’ పత్రిక విలేఖరి సుసానా మెక్‌బీ రోగిలా నటిస్తూ పదిమంది డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె లావు మనిషి కాదు. అయినా ఆమె చేతికి మొత్తం 1,479 బిళ్ళలు వచ్చాయి. అదే ఏడాది సెనేట్ కమిటీ విచారణ జరిపింది. స్త్రీల మరణాల మీద సాక్ష్యాలు విన్నారు. ఇవాళ అమెరికాలో థైరాయిడ్ హార్మోను మందులన్నిటి మీదా పెట్టె గీసి ఒక హెచ్చరిక ఉంటుంది, స్థూలకాయానికి గానీ బరువు తగ్గడానికి గానీ వీటిని వాడకూడదని. ఆ పెట్టెలో ఉన్నది ఆ స్త్రీల చరిత్రే. నేను చేసిన పనికీ వాళ్ళు చేసిన పనికీ తేడా ఒక్కటే, నాకు ప్రిస్క్రిప్షన్ మీద ఒక జబ్బు పేరుంది.

మోతాదుకి కూడా ఒక చరిత్ర ఉంది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ని స్ఫటికాలుగా వేరుచేశాడు. దాదాపు మూడు టన్నుల పంది గ్రంథుల నించి ఆయనకి దక్కింది 33 గ్రాములు. 1927లో హారింగ్టన్, బార్గర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1952లో జాక్ గ్రాస్‌తో కలిసి రోజలిండ్ పిట్-రివర్స్ అనే శాస్త్రవేత్త రెండో హార్మోను టీ3ని కనిపెట్టింది. ఈ చరిత్రలో రోగిగా కాకుండా శాస్త్రవేత్తగా ఒక స్త్రీ పేరు కనిపించడం నాకు అదే మొదలు. 1970లలో టీఎస్‌హెచ్‌ని కచ్చితంగా కొలిచే పరీక్ష వాడుకలోకి వచ్చాక, అప్పటిదాకా ఇస్తున్న మోతాదులు చాలామందికి ఎక్కువని తేలింది. రోజుకి 200, 300 మైక్రోగ్రాములు మింగినవాళ్ళు 100, 150కి దిగారు. అంటే ఒక తరం స్త్రీలు ఎక్కువ మోతాదుతో కొంత సన్నగా బతికి, ఆ తర్వాత మోతాదు కోసేస్తే లావెక్కి ఉంటారు. పరీక్ష సరైనదే. ఎముకల్నీ గుండెనీ కాపాడింది. కానీ ఒంట్లో వచ్చిన ఆ తేడాని వాళ్ళకి ఎవరైనా వివరించి చెప్పారా అన్నదే నా ప్రశ్న.

బెటీ డాంగ్ కథ ఇంకోటి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆమె ఫార్మసీ పరిశోధకురాలు. 1987లో అమెరికాలో అమ్మకాల్లో ముందున్న థైరాక్సిన్ కంపెనీ, తమ మందు మిగతావాటికంటే మేలైనదని రుజువవుతుందన్న ఆశతో ఆమె పరిశోధనకి డబ్బిచ్చింది. నాలుగు రకాలూ సమానంగానే పని చేస్తున్నాయని ఆమె తేల్చింది. కంపెనీ ఆమె పద్ధతుల్ని ఏళ్ళ తరబడి తప్పుపట్టింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఫలితాలు ప్రచురించకూడదని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. 1995లో అచ్చుకి సిద్ధమైన వ్యాసాన్ని ఆమె వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సంగతి పత్రికలకెక్కాక, 1997లో గానీ అది వెలుగు చూడలేదు. అదే ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ, లక్షలమంది వాడుతున్న ఈ లెవోథైరాక్సిన్ మాత్రలు ఒక్కసారి కూడా లాంఛనంగా అనుమతి పొందలేదని, వాటి శక్తిలో హెచ్చుతగ్గులున్నాయని ప్రకటించింది. మొదటి అనుమతి 2000లో వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. డాంగ్ ‘ఈ మందులన్నీ ఒకటే’ అంది. ఆ తర్వాత వేరే దేశాల్లో స్త్రీలు ‘ఒకటి కాదు’ అన్నారు. న్యూజిలాండ్‌లో 2007లో అక్కడ అందరూ వాడే మాత్రలో థైరాక్సిన్ అలాగే ఉంచి, పక్క పదార్థాలు మార్చారు. అంతకుముందు 30 ఏళ్ళలో ఆ మందు మీద 14 ఫిర్యాదులు వస్తే, మార్చాక 18 నెలల్లో 1,400 పైగా వచ్చాయి. బరువు పెరగడం, నీరసం, కీళ్ళనొప్పులు. పరిశోధకులు దీన్ని మీడియా రేపిన భయంగా విశ్లేషించారు. 2017లో ఫ్రాన్స్‌లో ‘లెవోథైరాక్స్’ మాత్రలో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ ఆమ్లం వేశారు. దాదాపు 30 లక్షలమంది వాడే మందు అది, అత్యధికులు స్త్రీలు. చాలామందికి మాత్ర మారిందన్న సంగతే తెలియదు. జుట్టు రాలుతోందని, కళ్ళు తిరుగుతున్నాయని, బరువు పెరుగుతోందని వేలమంది ఫిర్యాదు చేశారు. కొద్ది నెలల్లో పిటిషన్ మీద లక్షల సంతకాలు పడ్డాయి. నటి, రచయిత్రి అనీ డ్యుప్రే ఆరోగ్యమంత్రికి బహిరంగలేఖ రాసింది. పాత మాత్రని తాత్కాలికంగా తిరిగి తెప్పించారు.

అదంతా మనసు పుట్టించిన బాధ అన్నారు చాలామంది నిపుణులు. ప్రభుత్వం లక్షలమంది రికార్డులు పరిశీలించి, కొత్త మాత్రతో తీవ్రమైన అనారోగ్యం పెరగలేదంది. అది తోసిపుచ్చాల్సిన మాట కాదు. అయితే 2019లో తులూజ్ పరిశోధకులు కంపెనీ పరీక్ష వివరాల్నే మళ్ళీ లెక్కగట్టారు. సగటున రెండు మాత్రలూ సమానమే గానీ, విడివిడిగా చూస్తే పరీక్షలో పాల్గొన్నవాళ్ళలో సగానికి పైగా మందికి తేడా అనుకున్న హద్దులు దాటిందని చూపించారు. సగటు స్త్రీ అంటూ ఎవరూ మందుల షాపుకి వెళ్ళరు. 2020లో లియాన్ అప్పీలు కోర్టు, మార్పు సంగతి సరిగ్గా చెప్పనందుకు 3,300 మందికి పైగా ఒక్కొక్కరికి 1,000 యూరోలు ఇమ్మని కంపెనీని ఆదేశించింది. 2022లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. మాత్ర విషమని కోర్టు అనలేదు. చెప్పకుండా మార్చడం అన్యాయమంది. డాంగ్ కథనీ ఫ్రాన్స్ స్త్రీల కథనీ కలిపేది అదేనని నాకనిపిస్తుంది. ఒక చోట కంపెనీ ఫలితాన్ని దాచమంది, ఇంకో చోట మార్పు గురించి చాలినంత చెప్పలేదు. రెండు చోట్లా తెలుసుకోవాల్సింది స్త్రీలే, ఎప్పుడు ఎంత తెలియాలో తేల్చింది మాత్రం వాళ్ళు కాదు.

మన దేశంలో థైరాయిడ్ చరిత్ర అనగానే ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956 నించి హిమాలయాల్లోని కాంగ్రా లోయలో పరిశోధన చేశాడు. అయోడిన్ కలిపిన ఉప్పు తిన్న ఊళ్ళలో గొంతువాపు తగ్గింది, మామూలు ఉప్పు తిన్న ఊళ్ళలో తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ పథకం ఆ ఫలితం మీదే నిలబడింది. ఎందరో తల్లుల్నీ పిల్లల్నీ కాపాడిన గొప్ప పని అది. అయితే గొంతువాపు పైకి కనబడుతుంది, కొలవచ్చు. అయోడిన్ కొరత లేని తెనాలి పల్లెలో, గొంతువాపు లేకుండా ఒళ్ళు బరువెక్కి కునికే మా అమ్మ ఏ సర్వేకీ కనబడలేదు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనం హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్ళని పరీక్షిస్తే సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ ఉందని తేలింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఇప్పుడు మా వీధి మందుల షాపులో ఆ సీసాలు ముందు అరలోనే ఉంటాయి. కుర్రాడు ఒక కంపెనీ సీసా లేకపోతే ఇంకోటి చేతిలో పెడతాడు. ‘రెండూ ఒకటే ఆంటీ’ అంటాడు.

నేనిప్పుడు అతనితో పోట్లాడను. మార్చిన సంగతి రాసిపెట్టుకుంటాను, ఆరు నించి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చేయించుకుంటాను. ఈ మందు ఒంట్లో నెమ్మదిగా నిలదొక్కుకుంటుంది కాబట్టి అంతకుముందు చేయిస్తే లెక్క తేలదు. పొద్దున్నే పరగడుపున నీళ్ళతో మింగి, అరగంట నించి గంట దాకా కాఫీ ముట్టను. కాల్షియం, ఐరన్ మాత్రలు నాలుగు గంటల ఎడంగా వేసుకుంటాను. ఇన్నాళ్ళూ వంటింటి హడావుడిలో కాఫీతో పాటే మింగేసిన రోజులెన్నో. మాత్ర ఒంటికి పట్టకపోతే మోతాదు చాలడం లేదని పెంచుతారు. తర్వాత ఇంట్లో పని తగ్గి సరిగ్గా మింగితే అదే మోతాదు ఎక్కువవుతుంది. మన బరువు ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చెప్పాలంటే మన పొద్దుటి పూట ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. ఏ డాక్టరూ నన్ను అది అడగలేదు. నేనే చెప్పడం నేర్చుకున్నాను.

1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘సవాలక్ష సందేహాలు’ వేసినప్పుడు, మన ఒంటి గురించి మన భాషలో ఒక పుస్తకం ఉండొచ్చునని మాకు మొదటిసారి తెలిసింది. ఆ సందేహాలు తీరిపోలేదు. కొత్తవి చేరాయి. మనలో ఎంతోమందిమి ఈ మాత్ర మింగుతూ, కలుసుకున్నప్పుడు కవిత్వం గురించీ సిద్ధాంతాల గురించీ గంటలు మాట్లాడుకుంటాం. బరువు గురించి మాట్లాడటం చిన్నతనమనుకుంటాం. మోతాదు ఎక్కువై సన్నబడినప్పుడు నన్ను మెచ్చుకున్నవాళ్ళలో స్త్రీవాదులూ ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ మెప్పు కోసం నిజం దాచినదాన్ని నేనే.

అమ్మ 2006లో పోయింది. చివరిదాకా మాత్ర మానలేదు. నాకు కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు ఆసుపత్రికొచ్చి, జరిగిందంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘నన్ను లావని తిట్టినప్పుడు జబ్బు. నిన్ను సన్నమని మెచ్చుకున్నప్పుడూ జబ్బేనా? మరి వీళ్ళకి ఎప్పుడు కనబడతామే మనం?’ అంది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నా నోటుపుస్తకంలో ఇప్పుడు తేదీ, మోతాదు, కంపెనీ పేరు, టీఎస్‌హెచ్, బరువు, ఇవి కాక ‘ఎలా ఉంది’ అని ఒక గడి కూడా ఉంది. మొదటి పేజీలో అమ్మ లెక్క రాశాను, గుర్తున్నంత వరకూ. 1977 నించి మొదలుపెట్టాను. మీ ఇళ్ళలో కూడా ఇలాంటి లెక్కలుంటాయి. రాసి పంపితే వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూడాలని ఉంది.